శ్మశాన వైరాగ్యం ఎందుకు నిలవదు?

జూబ్లీహిల్స్ మహాప్రస్థానం శ్మశానవాటికలో చిన్నాన్నను సాగనంపి వస్తున్నాం. కార్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "అంతా ఇంతేరా. ఇకనైనా ఇంట్లోవాళ్ళతో గడపాలి" అన్నాడు అన్నయ్య. ఆ మాట మనసులోంచే వచ్చింది. కానీ కూకట్‌పల్లి చేరేలోపే అతను ఆఫీసు కాల్‌లో ఉన్నాడు, నేను మెయిల్స్ చూసుకుంటున్నాను.

పురాణం వింటున్నప్పుడు కలిగే పురాణ వైరాగ్యం, పురిటి నొప్పులప్పుడు కలిగే ప్రసూతి వైరాగ్యం, కాటి దగ్గర కలిగే శ్మశాన వైరాగ్యం. ఈ మూడూ నిలవవని మన పెద్దలు ఎప్పుడో గమనించారు. ఎందుకు నిలవవో మనస్తత్వ శాస్త్రంలో కొంత జవాబు దొరుకుతుంది.

చావు గుర్తుకొస్తే మనసు భయపడి దాన్ని పక్కకు నెడుతుందని, తన నమ్మకాలను ఇంకా గట్టిగా పట్టుకుంటుందని 1986లో ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ఒక సిద్ధాంతం చెప్పారు. అయితే ఆ కోవలోని ఒక ప్రయోగాన్ని తర్వాత పలు ల్యాబులు కలిసి మళ్ళీ చేస్తే అదే ఫలితం రాలేదు. అందుకే భయం గురించిన ఈ వాదనను నేను కొంత జాగ్రత్తగానే తీసుకుంటాను.

నన్ను బాగా ఆలోచింపజేసింది స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్‌సెన్ పని. ఆమె బృందం అడిగిన ప్రశ్న చాలా చిన్నది. మీకు అరగంట ఖాళీ దొరికింది, ఎవరితో గడుపుతారు? దగ్గరి బంధువుతోనా, మీరు ఇటీవల చదివిన పుస్తకం రాసినవారితోనా, కొత్తగా పరిచయమైన మనిషితోనా? పెద్దవాళ్ళు ఎక్కువగా అయినవాళ్ళనే ఎంచుకున్నారు. కుర్రవాళ్ళకు అలాంటి మొగ్గు లేదు. ఇది వయసు ప్రభావమే అనిపిస్తుంది. కానీ 'త్వరలో ఒంటరిగా దూరప్రాంతానికి వెళ్ళిపోతున్నారనుకోండి' అనగానే కుర్రవాళ్ళూ అయినవాళ్ళ వైపే మొగ్గారు. 'కొత్త వైద్యం వల్ల మీ ఆయుష్షు మరో 20 ఏళ్ళు పెరుగుతుంది' అంటే పెద్దవాళ్ళలో ఆ మొగ్గు తగ్గిపోయింది! 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్ళే రోజు దగ్గరపడినప్పుడు అక్కడి కుర్రవాళ్ళూ అయినవాళ్ళ వైపే మొగ్గారు. అప్పగింత జరిగి ఏడాది గడిచాక వాళ్ళు మళ్ళీ మామూలైపోయారు.

అంటే మన ఎంపికను మార్చేది వయసు ఒక్కటే కాదు, ఇంకా ఎంత సమయం మిగిలిందన్న లెక్క కూడా. కాటి దగ్గర మనకు చావు కనిపిస్తుంది కానీ ఆ లెక్క కనిపించదు.

అలాగని 'ఈ రోజే ఆఖరి రోజు అనుకుని బతకండి' అనే సలహాను నేను ఒప్పుకోను. అమీర్‌పేట హాస్టల్లో ఇరుకు గదిలో ఉంటూ కోచింగ్‌కి వెళ్ళే కుర్రాడు, ముందు చాలా కాలం ఉందని నమ్మబట్టే అంత కష్టపడుతున్నాడు. ఈ రోజే ఆఖరిదైతే ఎవరూ కొత్త విద్య నేర్చుకోరు, కొత్త స్నేహం చేయరు. అతని చదువుకు ముందు నలభై ఏళ్ళు ఉండొచ్చు, ఊళ్ళో ఉన్న తాతతో మాట్లాడటానికి రెండేళ్ళే ఉండొచ్చు. అన్నిటికీ ఒకే గడియారం పెట్టుకోవడమే మన పొరపాటని నాకు అనిపిస్తుంది.

ఆ రాత్రి నేనూ లెక్క వేశాను. అమ్మ సూర్యాపేటలో ఉంటుంది, ఆమెకి 72. దసరాకీ సంక్రాంతికీ వెళ్తాను. ఆమె 80 ఏళ్ళు ఉంటుందనుకుంటే ఎనిమిదేళ్ళు, ఏటా రెండుసార్లు. పదహారు. ఆ అంకె చూసి చాలాసేపు నిద్ర పట్టలేదు. చావు గురించి ఎన్ని మాటలు విన్నా ఇంత కలత కలగలేదు.

పొద్దున్నే ఫోన్ చేసి శనివారం వస్తున్నానని చెప్పాను.

"ఏం పనిబడ్డది రా?" అంది అమ్మ కంగారుగా.

"ఏం లేదమ్మా. ఊరికే."