పిల్లల ఊబకాయం: రోగనిరోధక వ్యవస్థతో ముడి ఎలా బయటపడింది

ఒంట్లోని కొవ్వు, మిగిలిన శక్తిని దాచుకునే చోటు మాత్రమేనని వైద్యులు చాలాకాలం నమ్మారు. అయితే మధుమేహ రోగులకు ఆస్పిరిన్ కోవకు చెందిన సోడియం శాలిసిలేట్ ఇచ్చినప్పుడు మూత్రంలో చక్కెర తగ్గుతోందని జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఎబ్‌స్టీన్ 1876లోనే రాశాడు. వాపు (ఇన్‌ఫ్లమేషన్) తగ్గించే మందుకు చక్కెరతో సంబంధమేమిటో ఆనాడు ఎవరికీ అంతుపట్టలేదు.

జవాబు 1993లో దొరకడం మొదలైంది. ఊబకాయమున్న ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్-ఆల్ఫా ఎక్కువగా తయారవుతోందని, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోందని శాస్త్రవేత్తలు హోతామిస్లిగిల్, స్పీగల్‌మన్‌ల బృందం చూపింది. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు రోగనిరోధక కణాలు విడుదల చేసే పదార్థమే ఈ టీఎన్ఎఫ్-ఆల్ఫా. ఊబకాయుల కొవ్వులో, క్రిములనూ చచ్చిన కణాలనూ మింగే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో చేరుతున్నాయని 2003లో రెండు అమెరికన్ బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి. పరిమితికి మించి ఉబ్బిన కొవ్వుకణాలు చనిపోయినప్పుడు ఈ మాక్రోఫేజ్‌లు వాటి చుట్టూ మూగుతాయి, అవి వెలువరించే రసాయనాలు ఇన్సులిన్ సంకేతానికి అడ్డుపడతాయి.

ఇదంతా పెద్దల జబ్బేననుకుంటున్న రోజుల్లోనే, 8 నుంచి 16 ఏళ్ల అమెరికన్ పిల్లలపై 2001లో వచ్చిన ఒక విశ్లేషణ, అధిక బరువున్నవారి రక్తంలో, ఒంట్లో వాపు ఉందని సూచించే సి-రియాక్టివ్ ప్రోటీన్ ఎక్కువగా ఉందని తేల్చింది. గుండెజబ్బు దశాబ్దాల దూరంలో ఉండగానే దాని వెనుక నడిచే వాపు బడి వయసులోనే మొదలవుతోందన్న ఆ సంగతి, నా దృష్టిలో, ఈ చరిత్రలో అన్నిటికన్నా కలవరపెట్టేది. తీవ్ర ఊబకాయమున్న పిల్లల్లో దాదాపు సగం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ (ఊబకాయం, రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వుల తేడాలు కలిసి రావడం) ఉందని 2004లో యేల్ పరిశోధకులు చెప్పారు.

రోగనిరోధకతకూ ఆకలికీ ఉన్న బంధాన్ని మాత్రం అరుదైన లోపమున్న కొందరు పిల్లలే బయటపెట్టారు. కొవ్వుకణాల నుంచి వెలువడి, కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్‌ను అమెరికన్ శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో కనుగొంది. పుట్టుకతోనే అది లేని ఇద్దరు పిల్లలను 1997లో కేంబ్రిడ్జ్ వైద్యులు గుర్తించారు. ఎనిమిదేళ్ల పాప బరువు అప్పటికే 86 కిలోలు, రెండేళ్ల బాబుది 29 కిలోలు. ఎంత తిన్నా ఆ పిల్లల ఆకలి తీరేది కాదు. తుర్కియేలో ఇదే లోపమున్న ఒక కుటుంబంలో ఊబకాయులైన పిల్లలు పలువురు ఇన్‌ఫెక్షన్లతో చనిపోయారు. ఇలాంటి పిల్లలకు లెప్టిన్ ఇంజక్షన్లు ఇస్తే ఆకలి అదుపులోకి రావడమే కాక, మందగించిన టి-కణాలు (ఇన్‌ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) కూడా కోలుకున్నాయని 2002లో వెల్లడైంది. మామూలు ఊబకాయంలో పరిస్థితి తలకిందులు: అక్కడ లెప్టిన్ మితిమీరి ఉంటుంది, మెదడు దాని మాట వినదు, రోగనిరోధక కణాలను మాత్రం అది వాపు వైపు నెడుతుంది.

మన దేశంలో ఊబకాయ సమస్యను బరువుతో మాత్రమే కొలవడం మరీ పొరపాటు. పుణేలో పుట్టిన శిశువులు సగటున 2.7 కిలోలే తూగినా, 3.5 కిలోలున్న ఇంగ్లండు శిశువులతో పోలిస్తే వారి కండ తగ్గినంతగా చర్మం కింది కొవ్వు తగ్గలేదని డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 2003లో నిరూపించింది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987 నుంచి 1990 వరకు గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు పోషకాహారం అందించారు. అక్కడ పుట్టినవారిని 13-18 ఏళ్ల వయసులో పరీక్షించినప్పుడు, ఆ ఆహారం అందని పల్లెల పిల్లలతో పోలిస్తే ఒంటి కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా లేకపోయినా, ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం) తక్కువగా, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి.