బడి పిల్లలకు ఉద్యోగుల చేయూత: అపోహలు - వాస్తవాలు

కాకినాడ, రాజమహేంద్రవరం వైపు ఉద్యోగులు చందాలు వేసుకుని కోనసీమ బడి పిల్లలకు సామగ్రి అందిస్తుంటారు. ఆ పనిని సమన్వయం చేయడం నా బాధ్యత. మే నెల వస్తే చాలు, ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ మంచి మనసే. అయితే కొన్ని అపోహల వల్ల ఆ డబ్బు అవసరం లేని చోటికి పోతోంది.

అపోహ: ప్రభుత్వ బడి పిల్లలకు బ్యాగులు కొనిస్తే చాలు.

వాస్తవం: బ్యాగు, బూట్లు, బెల్టు, యూనిఫాం, పాఠ్యపుస్తకాలు ప్రభుత్వమే ఇస్తోంది. 2020లో జగనన్న విద్యా కానుకగా మొదలైన ఈ కిట్టు, 2025 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో అందుతోంది. మీరిచ్చే రెండో బ్యాగు చిలక్కొయ్యకు వేలాడుతుంది. జామెట్రీ బాక్సు, గ్రాఫు పుస్తకం, అట్లాసు, రంగు పెన్సిళ్లు లేక ఇబ్బంది పడే పిల్లలు మాత్రం చాలామంది ఉన్నారు. ఏ తరగతికి ఏది కావాలో ముందు ప్రధానోపాధ్యాయులను అడగండి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లండి.

అపోహ: జూన్‌లో బడులు తెరవగానే పంచేస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: డెల్టాలో అసలు కష్టం జూన్ తర్వాతే మొదలవుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జులైలో అది 25 లక్షలు దాటింది. లంక గ్రామాల్లో ఇళ్లలోకి నీరొస్తే మొదట పశువులను గట్టెక్కిస్తారు, తర్వాత బియ్యం, గిన్నెలు సర్దుకుంటారు. పుస్తకాల సంచి వంతు చివరికి గానీ రాదు. తడిసిన నోటు పుస్తకాన్ని ఎండలో ఆరబెట్టినా పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విడదీస్తే సిరా పాకిపోయి అక్షరం కనిపించదు. అంతవరకు రాసుకున్న పాఠాలన్నీ దాంతోనే పోతాయి.

అందుకే సేకరించిన దాంట్లో మూడో వంతు సెప్టెంబరు దాకా కదల్చవద్దని ప్రతి బృందాన్నీ బతిమాలుతాను. వరద తీశాక కొత్త పుస్తకాలతో పాటు, నోట్సు తడవని తోటి విద్యార్థి దగ్గర అవి తీసుకుని జిరాక్సు చేయించి ఇవ్వండి. స్వచ్ఛందంగా వచ్చే ఉద్యోగి ఒక్క ఆదివారం కేటాయిస్తే ఒక తరగతి పని పూర్తవుతుంది. జూన్‌లో ఇచ్చే పుస్తకాలతో జిప్పు ఉన్న మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి చేర్చండి. దాని ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ.

అపోహ: హాజరు పట్టీలో ఉన్న పిల్లలకు ఇస్తే అందరికీ అందినట్టే.

వాస్తవం: రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండే కుటుంబాల పిల్లలు, ఇటుక బట్టీలకు వలస వచ్చినవారి పిల్లలు ఆ పట్టీలో ఉండకపోవచ్చు. బదిలీ పత్రం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు, అడగడానికి జంకుతారు. వాళ్ల వెంట బడి దాకా నడిచే మనిషి కావాలి. నా దృష్టిలో పలకాబలపాల కన్నా ఇది పెద్ద సాయం.

అపోహ: ఇంట్లో మిగిలినవి ఏవైనా ఇవ్వవచ్చు.

వాస్తవం: స్క్రూ ఊడిన వృత్తలేఖినితో ఏ పిల్లా వృత్తం గీయలేదు. పనికొచ్చేవే పంపండి.

అపోహ: ఉద్యోగుల విరాళం కంపెనీ సామాజిక బాధ్యత ఖాతాలోకి వెళ్తుంది.

వాస్తవం: వెళ్లదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద సంస్థ ఖర్చు చేయాల్సింది గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం, అదీ తన సొమ్ములోంచి. మీ జేబు డబ్బునూ, మీరు పనిచేసిన గంటలనూ అందులో లెక్కగట్టడానికి వీల్లేదు. వస్తువులుగా ఇచ్చిన వాటికి మీకు ఆదాయపు పన్ను మినహాయింపు కూడా రాదు.

అపోహ: పిల్లలను వరుసలో నిలబెట్టి ఫొటో తీస్తేనే దాతలకు నమ్మకం.

వాస్తవం: చేయి చాచి నిలబడ్డ ఫొటో ఫోన్లలో ఊరంతా తిరిగితే ఆ పిల్ల మరునాడు బడికి రావడానికి సిగ్గుపడుతుంది. సామగ్రిని ఉపాధ్యాయుల చేతికి ఇవ్వండి; వాళ్లు తరగతిలో మామూలుగా పంచుతారు. దాతలకు చూపడానికి బడి స్టాకు రిజిస్టరులో వస్తువుల వివరాలు రాయించి, ప్రధానోపాధ్యాయుల సంతకంతో రసీదు తీసుకోండి.