ధ్రువపు ఎలుగుబంటి: ప్రాణం నిలిపే కొవ్వులోనే విషం

కెనడాలో హడ్సన్ బే ఒడ్డున చర్చిల్ అనే చిన్న ఊరుంది. నవంబరు వచ్చేసరికి ఆ చుట్టుపక్కల తీరమంతా ధ్రువపు ఎలుగుబంట్లు తచ్చాడుతుంటాయి. సముద్రం గడ్డకట్టాలి, అప్పుడే దాని మీదికి నడిచి వెళ్లి సీల్‌లను పట్టుకోగలవు. వేసవిలో మంచు కరిగి ఒడ్డుకు చేరిన రోజు నుంచి వాటికి చెప్పుకోదగ్గ తిండి ఉండదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే బతకాలి. కడుపుతో ఉన్న ఆడ ఎలుగైతే దాదాపు ఎనిమిది నెలలు అలా నెట్టుకురావాలి.

అసలు కథంతా ఈ కొవ్వు చుట్టూనే తిరుగుతుంది.

యాభై ఏళ్ల కిందట వీటికి తుపాకీ అంటే భయం. అలాస్కాలో విమానాల్లో వెళ్లి మరీ వేటాడేవారు. సోవియట్ యూనియన్ 1950లలోనే వేటను నిషేధించింది. 1973 నవంబరు 15న ఓస్లోలో కెనడా, డెన్మార్క్, నార్వే, అమెరికా, సోవియట్ యూనియన్ ఒకే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటున్న రోజులవి. ఆదివాసుల సంప్రదాయ వేటకు చోటిస్తూనే విచ్చలవిడి వేటకు అడ్డుకట్ట వేశారు. మనుషులు తల్చుకుంటే ఎంత చేయగలరో చెప్పడానికి నాకు ఎప్పుడూ ఈ ఒప్పందమే గుర్తొస్తుంది.

అదే దశకంలో ఇంకో సంగతి బయటపడింది. ఎలుగుల కొవ్వులో డీడీటీ అనే పురుగుమందు, పీసీబీలు కనిపించాయి. పీసీబీలంటే ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లలో వాడిన నూనెల్లాంటి రసాయనాలు. ఎక్కడో దక్షిణాన వాడినవి అంత దూరం ఎలా చేరాయి? అన్నం ఉడికేటప్పుడు ఆవిరి లేచి చల్లటి మూతకు చుక్కలుగా పట్టుకుంటుంది కదా. ఇవీ అంతే. వేడి ప్రాంతాల్లో గాలిలో కలిసి, చలి ప్రాంతానికి చేరాక కిందికి దిగుతాయి. సముద్రంలోని సూక్ష్మజీవుల నుంచి చేపకు, చేప నుంచి సీల్‌కు, సీల్ కొవ్వు నుంచి ఎలుగుకు వెళ్తాయి. మెట్టు మెట్టుకీ మోతాదు పెరుగుతుంది. అన్నిటికంటే పై మెట్టు మీద ఉన్నది ఎలుగే.

2001లో స్టాక్‌హోమ్ ఒప్పందంతో ఇలాంటి పన్నెండు రసాయనాలపై ప్రపంచ స్థాయిలో కట్టడి మొదలైంది. మన దేశం 2006లో అందులో చేరినా, దోమల నివారణకు డీడీటీ వాడకానికి మినహాయింపు ఉంచుకుంది. నిషేధాలు పనిచేశాయి, పాత విషాల్లో చాలావాటి మోతాదు తగ్గింది. ఈలోగా మరకలు పట్టని బట్టల్లో, మంటలార్పే నురుగులో వాడే ఫ్లోరిన్ రసాయనాలు ఎలుగుల రక్తంలో, కాలేయంలో చేరాయి.

ఇంతలో మంచు తగ్గడం మొదలైంది. ఉపగ్రహాలు 1979 నుంచి ఆర్కిటిక్ మంచును వరుసగా కొలుస్తున్నాయి. 2012 సెప్టెంబరులో అది 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. అంత తక్కువ అంతకుముందెప్పుడూ నమోదు కాలేదు. హడ్సన్ బే పశ్చిమ తీరంలో మంచులేని రోజులు 1980లతో పోలిస్తే మూడు వారాలకు పైగా పెరిగాయి. 1987లో అక్కడ సుమారు 1,200 ఎలుగులుండేవి. 2021 లెక్కకు 618 మిగిలాయి. కొన్ని పక్క ప్రాంతానికి తరలి ఉండవచ్చు కానీ, బాగా తగ్గినవి ఆడ ఎలుగులు, ఎదుగుతున్న పిల్లలు. ప్రపంచం మొత్తం మీద 26,000 దాకా ఉన్నాయి కదా అని ఊరుకునేవాళ్లు ఈ వివరం చూడాలి.

కాలుష్యం ఒకటి, కరుగుతున్న మంచు ఒకటి అని మనం విడివిడిగా చెప్పుకుంటాం. ఎలుగు ఒంట్లో రెండూ ఒకటే. ఆకలి రోజులు పెరిగితే కొవ్వు కరుగుతుంది. అందులో ఏళ్లుగా అణిగి ఉన్న విషం రక్తంలోకి వస్తుంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లో బక్కచిక్కిన ఆడ ఎలుగుల్లో ఈ రసాయనాల సాంద్రత ఎక్కువగా కనిపించింది. ఆకలి ఎంత ముదిరితే విషం అంత గాఢమవుతుంది.

గుహలో పుట్టే పిల్ల ముప్పావు కిలో కూడా తూగదు. నెలల తరబడి దానికి తల్లి పాలే ఆధారం. ఆ పాలలో దాదాపు మూడో వంతు కొవ్వే. తల్లి ఒంట్లో కరిగిన పీసీబీలు కూడా ఆ కొవ్వుతోనే పిల్ల కడుపులోకి వెళ్తున్నాయి.