ఆ డబ్బులు రాసినవాళ్లకి వెళ్తాయా?

చి॥ సాహితికి, చి॥ విహారికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ఏడు కాపు బాగుంది. ఆవకాయ పెట్టడం అయిపోయింది, మీ వాటా సీసాల్లోకి తీసి ఉంచింది నానమ్మ.

సాహితీ, మొన్న నువ్వడిగింది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. సైన్సు ఫెయిర్ కోసం తేనెటీగల గురించి వెతుకుతుంటే ఒక పరిశోధన వ్యాసం దొరికిందనీ, నాలుగు వాక్యాలు చూపించి, మిగతాది చదవాలంటే 35 డాలర్లు కట్టమందనీ అన్నావు. మన లెక్కలో దగ్గర దగ్గర మూడు వేల రూపాయలు. "ఆ డబ్బులు రాసినవాళ్లకి వెళ్తాయా తాతయ్యా?" అని అడిగావు.

వెళ్లవమ్మా. రాసినవాళ్లకి అందులో ఒక్క పైసా ముట్టదు.

ఎలాగో ఆవకాయతోనే చెప్తాను. ఊరుమ్మడి తోట ఒకటి ఉందనుకోండి. కాయలు అందరివీ. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె కూడా ఊరి సొమ్ముతో కొన్నవే. పెట్టే చెయ్యి మాత్రం ఒకావిడది. కాయలు తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, పొర గీకి, పాళ్లు చూసి కలిపింది. పరిశోధన చేసేవాళ్లు ఆవిడలాంటివాళ్లు. వాళ్ల జీతాలు, ప్రయోగశాల, అందులోని గాజు సామాను చాలాచోట్ల జనం కట్టిన పన్నుల్లోంచి వచ్చినవే.

కలిపాక రుచి చూసేవాళ్లు కావాలి. నా చిన్నప్పుడు మూడోనాడు తిరగకలిపాక మా అమ్మ చిన్న గిన్నెలో నాలుగు ముక్కలు వేసి ఎదురింటి మామ్మగారికి నాచేత పంపేది. ఆవిడ గభాల్న నోట్లో వేసుకునేది కాదు. ముందు వాసన చూసేది. ముక్క పట్టుకుని టెంక ఊడుతోందేమో చూసేది. పిండి రెండు వేళ్ల మధ్య రాసి చూసేది. ఆ తర్వాతే నాలిక్కి తగిలించి, "ఆవ ఎక్కువైంది, చేదెక్కుతుంది. ఇంకో సోలెడు నూనె పోయమను మీ అమ్మని" అనేది. మా అమ్మ వంటలో ఎవరి మాటా వినేది కాదు, ఆవిడ మాట వినేది. ఆవిడ దానికి డబ్బు అడగలేదు, అడగాలన్న ఆలోచనే ఎవరికీ లేదు. మర్నాడు ఆవిడ గిన్నె మా ఇంటికొచ్చేది. పరిశోధన వ్యాసానికీ ఇదే జరుగుతుంది. అదే విద్యలో పండినవాళ్లు ఇద్దరో ముగ్గురో దాన్ని చదివి, ఇక్కడ లెక్క తప్పింది, ఆ ప్రయోగం మళ్లీ చెయ్యండి అని రాసి పంపుతారు. పీర్ రివ్యూ అంటారు. వాళ్లకీ మామూలుగా ఏమీ ముట్టదు. తోటివాళ్ల పనిని శ్రద్ధగా చూసి తప్పు చెప్పడం పెద్ద మర్యాద పిల్లలూ, అది మీరు కూడా నేర్చుకోండి.

మరి ఆ 35 డాలర్లు ఎవరికి? జాడీల ఆసామికి. అంటే పరిశోధన పత్రికలు వేసే ప్రచురణ సంస్థకి; జాడీ అంటే ఆ పత్రిక. అంతా అయ్యాక ఆవిడ పచ్చడి తీసుకెళ్లి ఆయన చేతిలో పెడుతుంది. దీని మీద హక్కు నీదేనని కాగితం మీద సంతకం కూడా చేస్తుంది. ఆయన జాడీలో పెట్టి, వాసెన కట్టి, కొట్లో పెట్టి తాళం వేసుకుంటాడు. ఆ తర్వాత కాయలిచ్చిన ఊరే మళ్లీ కొనుక్కోవాలి. ఆవిడ పనిచేసే కాలేజీ కూడా ఏటా చందా కట్టాలి. మరి ఆవిడ పచ్చడి ఆయనకెందుకిస్తుందంటారా? ఫలానా జాడీలోంచి వచ్చిందంటేనే ఉద్యోగంలో పైమెట్టు, పదిమందిలో పేరు.

ఆసామికి ఖర్చే లేదని నేను అనను. 1665లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి కార్యదర్శి అయిన హెన్రీ ఓల్డెన్‌బర్గ్ లండన్‌లో సైన్సు పత్రిక మొదలుపెట్టిన రోజుల్లో కాగితం, అచ్చు, ఓడల మీద టపా, అన్నీ ఖర్చే. ఇప్పటికీ తప్పులు దిద్దాలి, వందేళ్లయినా చెడకుండా దాచాలి. కానీ కంప్యూటర్లు వచ్చి జాడీ చవకయ్యాక కూడా తాళం ధర పెరుగుతూ పోవడం అన్యాయం.

ఆ తాళం వల్ల ఏమవుతుందో పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాని చూడండి. 2014లో ఎబోలా జ్వరం ఆ దేశాన్ని పట్టుకుని నాలుగు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ జబ్బు తమ గడ్డ మీద ఉంటుందని అక్కడి వైద్యులెవరూ అనుకోలేదు. అయితే 1982లోనే యూరప్ పత్రిక ఒకదాంట్లో, లైబీరియా మనుషుల రక్తం పరీక్షించి, ఈ దేశాన్నీ ఎబోలా ఉండే ప్రాంతాల్లో చేర్చాలని రాసిన వ్యాసం ఉంది. 2015లో ఆ దేశపు ముఖ్య వైద్యాధికారి బెర్నిస్ డాన్ మరో ఇద్దరితో కలిసి ఈ సంగతి లోకానికి చెప్పారు. అలాంటి వ్యాసం ఒకటి కొనాలంటే 45 డాలర్లు, అక్కడి డాక్టరుకి అరవారం జీతం అని కూడా రాశారు. రక్తం ఇచ్చింది వాళ్ల మనుషులు, చదవలేకపోయింది వాళ్ల డాక్టర్లు. చదివి ఉంటే జబ్బు ఆగిపోయేదని చెప్పలేం. ఒక్క నర్సు ఒక్క రోజు ముందు చేతికి తొడుగు వేసుకున్నా నాకు అది చాలు.

ఈ తాళం తియ్యాలన్న ప్రయత్నమే ఓపెన్ యాక్సెస్. 1991లో అమెరికాలో లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఎవరి వ్యాసాలు వాళ్లు పెట్టుకుని అందరూ చదువుకునే ఏర్పాటు చేశాడు. ఆర్కైవ్ అంటారు. అది మామ్మగారు రుచి చూడకముందే వడ్డించే పచ్చడి, కాస్త చూసుకుని తినాలి. 2002లో బుడాపెస్ట్ ప్రకటన వచ్చింది: పరిశోధన వ్యాసాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు అని. అప్పుడు కొందరు ఆసాములు, సరే, తినేవాళ్లు కట్టక్కర్లేదు, పెట్టినవాళ్లే జాడీ కిరాయి కట్టండి అన్నారు. పేరుమోసిన సైన్సు పత్రిక నేచర్ 2021లో అలా పెట్టిన ధర వ్యాసానికి 9,500 యూరోలు. అంటే ఎనిమిది లక్షల రూపాయల పైమాటే. జిల్లా కాలేజీలో పనిచేసే లెక్చరర్ అంత ఎక్కణ్ణించి తేగలడు? ఇది చాలదన్నట్టు, రుచి చూడకుండా డబ్బు పుచ్చుకుని ఏదిస్తే అది జాడీలో పెట్టే వాళ్లూ బయల్దేరారు. కాబట్టి ఉచితంగా దొరికిందల్లా మంచిదనుకోవద్దు. మన ప్రభుత్వం 2024 నవంబరులో, మూడేళ్లకి 6,000 కోట్లు పెట్టి దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ కాలేజీల్లో, పరిశోధన సంస్థల్లో చదువుకునే ఏర్పాటుకి ఒప్పుకుంది. మంచిదే. కానీ స్కూలు పిల్లవి, నీకది అందదు.

ఆవకాయతో ఇంత దూరం వచ్చాం గానీ ఒక్కచోట పోలిక కుదరదు. నానమ్మ జాడీ సంక్రాంతికల్లా అడుగు కనిపిస్తుంది. ఈ జాడీలో ఎన్ని లక్షల మంది చెయ్యి పెట్టినా ఒక్క ముక్క తగ్గదు. పైగా తిన్నవాళ్లలో ఒకరు ఇంకో ముక్క వేసి వెళ్తారు. ఇలాంటి వస్తువు లోకంలో ఇంకోటుందా అని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

విహారీ, నీకొక పని. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్లిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీ పుస్తకంలో ఉండొచ్చు. ఆయన, సైరస్ ఫిస్కే కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఒక వ్యాసం రాశారు. ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి అది. ఫాస్ఫరస్ ఉంటే ద్రవం నీలంగా మారుతుంది, ఎక్కువుంటే నీలం ముదురుతుంది. ఆ పత్రిక ఇప్పుడు పూర్తిగా తెరిచే ఉంది, ఆ వ్యాసం డబ్బు కట్టకుండా చదవొచ్చు. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, తెరిచి మొదటి పేజీ చూడు. వందేళ్ల కిందట బోస్టన్‌లో కూర్చుని రాసిన కాగితం మీద మన ఎల్లాప్రగడ ఎలా అచ్చయిందో అక్కా నువ్వూ కలిసి చూడండి. అలాగే సి.వి. రామన్ 1934లో బెంగుళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల రెజొనెన్స్ పత్రిక కూడా ఉచితమే. విద్యార్థుల కోసమే వేస్తారు.

సాహితీ, నీ తేనెటీగల వ్యాసం సంగతి. ముందు దాని పేరు మొత్తం కొట్టి వెతుకు, రాసినాయనే తన యూనివర్సిటీ సైట్లో పెట్టి ఉండొచ్చు. లేకపోతే మొదటి పేజీలో రచయిత ఈమెయిల్ ఉంటుంది, ఆయనకే రాయి. తమ పని ఎవరో చదువుతామంటే చాలామంది సంతోషంగా పంపిస్తారు. నాలుగు వాక్యాలు చాలు: నీ పేరు, తరగతి, ఏం చేస్తున్నావో, ఏ వ్యాసం కావాలో. మీ సైన్సు టీచరుగారికి చూపించి పంపు. జవాబుకి వారం పది రోజులు పట్టొచ్చు, ఫెయిర్ దగ్గర పడుతోంది కాబట్టి ఇవాళే రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య