ఓడ రాలేదని రొయ్యకు తెలుస్తాదేటి?

బాహుదా నది మొగకు దగ్గర్లో, ఒడిశాలోని గంజాం జిల్లా కొసన ఒక రొయ్యల చెరువు గట్టు మీద 2024 జనవరిలో విన్న మాట ఇది. వనామి రకం రొయ్య 40 కౌంట్‌కు వచ్చింది, అంటే కిలోకు 40 తూగుతున్నాయి. పట్టుబడికి అంతా సిద్ధం. ఏజెంటు మాత్రం ఫోనులోనే రేటు కోసేశాడు. "ఎర్ర సముద్రంలో గొడవ కదండీ, కంటైనర్లు దొరకడం లేదు. ఓ పది రోజులు ఆగితే చూద్దాం" అన్నాడట. చెరువు పెద్దాయన ఫోను జేబులో పెట్టుకుని, రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగాడు. పొద్దున వేసిన మేతలో ఒక్క గింజ మిగల్లేదు.

"ఓడ రాలేదని రొయ్యకి తెలుస్తాదేటి బాబూ? దాని మేత అది తింటాది."

ఓడలు ఆగిపోవడం గంజాం తెలుగువాళ్లకు కొత్త కాదు. గోపాలపురం సముద్రపొడ్డున పాత జెట్టీ స్తంభాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడి నుంచే వేలమంది స్టీమరెక్కి రంగం వెళ్లారు. రంగూన్ అంటే మా ముసలాళ్లకు అర్థం కాదు, రంగం అనాలి. 1942 మార్చిలో రంగం జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చి, కొన్ని రోజుల్లోనే ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచింది. విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. అయితే అవి బియ్యం ఓడలు, మనుషుల ఓడలు. బియ్యం బస్తా ఏ ఓడలోనైనా వెళ్తుంది. గడ్డకట్టిన సరుకు సంగతి వేరు. దానికి చల్లటి అర ఉన్న ఓడే కావాలి. మామూలు ఓడలు రేవు నిండా ఉన్నా దానికి ఉపయోగం లేదు.

ఆ చల్లటి అర పుట్టి ఎంతో కాలం కాలేదు. 1882 ఫిబ్రవరి 15న న్యూజిలాండ్‌లోని పోర్ట్ చామర్స్ రేవు నుంచి డనీడిన్ అనే తెరచాప ఓడ దాదాపు 5,000 గొర్రె, గొర్రెపిల్లల కళేబరాలతో లండన్‌కు బయల్దేరింది. నడిచేది గాలికి, సరుకును గడ్డకట్టించేది మాత్రం ఆవిరి యంత్రం. భూమధ్యరేఖ దగ్గరి ఎండల్లో చల్లగాలి అన్ని మూలలకూ అందడం లేదని కెప్టెన్ విట్సన్ స్వయంగా గాలి గొట్టంలోకి పాకి వెళ్లి కొత్త కంతలు కోశాడు. లోపలే చలికి కొయ్యబారిపోతే కాళ్లకు తాడు కట్టి బయటికి లాగారు. తొంభై ఎనిమిది రోజుల ప్రయాణం తర్వాత లండన్‌లో లెక్క చూస్తే పాడైపోయింది ఒక్క కళేబరం. వాడుకలో పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెబుతాం గానీ, ప్రపంచ మాంసం వ్యాపారం నిలబడింది ఆ తాడు మీదే అనిపిస్తుంది నాకు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి బ్రిటన్ తినే మాంసంలో దాదాపు 40 శాతం బయటి నుంచి వచ్చేది. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం ఓడల్లోని చల్లటి అరలన్నీ తన చేతిలోకి తీసుకుంది. న్యూజిలాండ్ ఎగుమతి మాంసం మొత్తాన్ని 1920 వరకు తనే కొంది. అక్కడితో చల్లటి ఓడల కొరత తీరలేదు. 1917లో జర్మన్ జలాంతర్గాములు విరుచుకుపడ్డాక ఓడల లెక్క మారిపోయింది. న్యూజిలాండ్ వెళ్లి వచ్చేలోపు అదే ఓడ అట్లాంటిక్ మీద అమెరికాకు రెండు మూడు ట్రిప్పులు కొట్టగలదు. అందుకని దూరపు దారుల నుంచి ఓడల్ని తప్పించారు. న్యూజిలాండ్ ఫ్రీజింగ్ కార్ఖానాల గోదాములు మాంసంతో నిండిపోయాయి. కొత్తవి కట్టారు. గోదాము నిండితే కొత్తగా కోయడానికి లేదు, కోయకపోతే గొర్రె పచ్చిక మేస్తూనే ఉంటుంది. మా చెరువు పెద్దాయన చెప్పిన మాటే.

కొరత అనగానే టార్పెడో తగిలి మునిగిపోయిన ఓడ మన కళ్ల ముందుకు వస్తుంది. అలా పోయినవీ ఉన్నాయి. 1939 డిసెంబరులో మాంసం, ఉన్ని వేసుకుని ఇంటికి వస్తున్న డోరిక్ స్టార్‌ను జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ ష్పే ముంచేసింది. కానీ ఓడలు తేలుతూ ఉండగానే కొరత వచ్చింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగాక మధ్యధరా దారి మూసుకుపోయి, ఓడలు ఆఫ్రికా కొస చుట్టి తిరగాల్సి వచ్చింది. దారి పెరిగితే ట్రిప్పులు తగ్గుతాయి, ఓడలు తగ్గినట్టే. పైగా మాంసం ఓడలు వేగంగా నడిచేవి. ఆ గుణమే వాటి కొంప ముంచింది. సైనికుల్ని, మందుగుండును మోయడానికి వాటినే ఎంచుకున్నారు. 1942 ఆగస్టులో మాల్టా ద్వీపానికి పంపిన పధ్నాలుగు సరుకు ఓడల్లో చాలావరకు ఇలాంటివే. తొమ్మిది మునిగాయి. గట్టెక్కిన ఐదింటిలో ఒకదాని పేరు పోర్ట్ చామర్స్. డనీడిన్ బయల్దేరిన ఆ రేవు పేరే.

ఉన్న కాస్త జాగాలో ఎక్కువ పట్టించడానికి సరుకు ఆకారమే మార్చారు. గొర్రె వెనక కాళ్లు కోసి దాని పొట్ట లోపలికే దోపారు. గొడ్డు మాంసానికి ఎముకలు తీసి దిమ్మలుగా గట్టిపరిచారు. కొంత డబ్బాల్లోకి, కొంత ఎండబెట్టి పొడిలోకి. అటు బ్రిటన్‌లో 1940 మార్చి 11న మాంసానికి రేషన్ పెట్టారు, బరువును బట్టి కాకుండా ధరను బట్టి. మొదట మనిషికి వారానికి 1 షిల్లింగ్ 10 పెన్నీల మాంసం, మరుసటి ఏడాదికి అది 1 షిల్లింగ్‌కు దిగింది. యుద్ధం అయిపోయిన తొమ్మిదేళ్లకు, 1954 జూలైలో గానీ ఆ రేషన్ ఎత్తలేదు.

1967 నుంచి 1975 దాకా సూయజ్ కాలువ మూతపడినప్పుడూ ఇదే కథ. అప్పటికి మా వైపు వనామి లేదు. 2009లో దాని సాగుకు అనుమతి వచ్చాక గంజాం చెరువులకూ అమెరికా హోటళ్లకూ లంకె గట్టిపడింది.

2023 నవంబరు 19న ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీలు హెలికాప్టర్‌లో దిగి గెలాక్సీ లీడర్ ఓడను పట్టుకున్నారు. డిసెంబరుకల్లా పెద్ద పెద్ద ఓడల కంపెనీలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలెట్టాయి. దారి పది రోజులో రెండు వారాలో పెరిగింది. ఇప్పుడు ఓడకు బదులు రీఫర్ కంటైనర్, అంటే సరుకును గడ్డకట్టించి ఉంచే ఇనప పెట్టె అనుకోండి, లెక్క 1940 నాటిదే. రొయ్యల పెట్టె మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి, విశాఖ వెళ్లే లారీ మీదా, రేవులోనూ, ఓడ మీదా కరెంటు ఆగకూడదు. మన దేశానికి చల్లటి సరుకు దిగుమతి తక్కువ. అందువల్ల ఇక్కడ నింపే రీఫర్‌ను ఎక్కువగా బయటి నుంచి ఖాళీగానే తెప్పించాలి. వెళ్లిన పెట్టె రెండు వారాలు ఆలస్యంగా తిరిగొస్తే, ఖాళీ పెట్టె కోసం లైను పెరుగుతుంది. కిరాయీ పెరుగుతుంది. ఆ కిరాయి లండన్‌లో, న్యూయార్క్‌లో మొదలై ఒక్కో చేతిలో కాస్త కాస్త దిగుతూ చెరువు గట్టు దగ్గర ఆగుతుంది.

ఒక్క తేడా ఉంది. న్యూజిలాండ్ రైతుకు రేటు ఖాయం చేసి కొన్న ప్రభుత్వం ఉంది. గోదాములో ఉన్నా, ఓడలో ఉన్నా ఆ మాంసానికి కొనుగోలుదారు ఎవరో తెలుసు. చెరువు మీదున్న రొయ్యకు ఏజెంటు లారీ వచ్చేదాకా కొనుగోలుదారు లేడు. ఈలోపు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల కరెంటు బిల్లు, మేత బస్తాలు, వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు భయం అన్నీ రైతువే.

పెద్దాయన పది రోజులు ఆగలేదు. సగం చెరువుకు వల వేయించాడు. తెల్లారేసరికి ఐసు నింపిన థర్మోకోల్ డబ్బాలు ఆటోలో బరంపురం బడాబజారు చేరాయి. ఆ వారం మా ఇంట్లో మూడుసార్లు రొయ్యల కూర. రేటు అడిగిన మా ఆవిడ, చవగ్గా దొరికాయని సంబరపడింది.