సంచి తేలికవ్వాలంటే తీయాల్సింది తిండిలోని నీళ్లు, తిండి కాదు

పోయిన వారం మారతహళ్ళి నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. హిమాలయాల్లో 7 రోజుల ట్రెక్, పోర్టర్లు లేకుండా నలుగురే వెళ్తున్నారట. తెచ్చిన లిస్టులో మనిషికి రోజుకు రెండు నూడుల్స్ ప్యాకెట్లు, నాలుగు ఖర్జూరాలు, ఒక ప్రొటీన్ బార్. "మనిషికి మొత్తం కలిపినా రెండు కిలోలు దాటలేదక్కా" అన్నాడు సంబరంగా. నాకు గుండె గుభేలుమంది. రోజుకు 1,000 కేలరీలు కూడా లేవు అందులో.

బెంగళూరులో ట్రెక్కర్లకు ఎండు భోజనాలు చేసిస్తున్న ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే.

అపోహ: తక్కువ తింటే సంచి తేలిక. ఒంట్లో కొవ్వు ఉందిగా, అదే కరుగుతుంది.

వాస్తవం: సంచి మోస్తూ కొండెక్కే మనిషికి రోజుకు సుమారు 3,000 కేలరీలు కావాలి. కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది. ఎక్కేటప్పుడు కండరాలు వాడుకునే గ్లైకోజన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, త్వరగా అయిపోతుంది. తిండి చాలకపోతే రెండు మూడు రోజుల్లో కాళ్లు లాగేస్తాయి, చలి ఎక్కువ వేస్తుంది, అడుగు ఎక్కడ పడుతోందో ధ్యాస ఉండదు. కొండమీద అది ప్రాణం మీదికొచ్చే సంగతి.

100 గ్రాముల కందిపప్పు ఉడికితే 300 గ్రాముల దాకా అవుతుంది. ఎండబెడితే మళ్లీ 100 దగ్గరికే వస్తుంది. పోయింది నీళ్లే. మనిషికి రోజుకు 600 నుంచి 700 గ్రాముల ఎండు తిండి పెట్టుకోండి. అందులో నెయ్యి, పల్లీలు, ఎండుకొబ్బరి తప్పకుండా ఉండాలి. పిండిపదార్థం, ప్రొటీన్ గ్రాముకు 4 కేలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది. ఇంట్లో నెయ్యికి భయపడేవాళ్లు కూడా అక్కడ భయపడక్కర్లేదు.

అపోహ: పప్పు పచ్చిదే పట్టుకెళ్తే సరిపోతుంది, అదీ తేలికేగా.

ఈ తప్పు నేనే చేశాను. నా మొదటి పెద్ద ట్రెక్‌లో దాదాపు 4,000 మీటర్ల ఎత్తున కందిపప్పు పొయ్యి మీద పెట్టాను. ఆ ఎత్తులో నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గంట దాటినా పప్పు పలుకుగానే ఉంది, గ్యాసు మాత్రం అయిపోయింది. ఆ రాత్రి ఆరుగురం అటుకులు, బెల్లం తిని పడుకున్నాం. అప్పటి నుంచి పప్పు ఇక్కడే కుక్కర్లో మెత్తగా ఉడికించి, నూనె వెయ్యకుండా ట్రేలో పల్చగా పరిచి, డీహైడ్రేటర్లో (వేడిగాలితో తడి లాగేసే పెట్టె) 60 డిగ్రీల దగ్గర ఆరబెడుతున్నాను. నూనె ఆరదు, పైగా ముక్కవాసన వస్తుంది. అందుకే నెయ్యి చిన్న సీసాలో విడిగా ఇస్తాను.

ఆరిన పెచ్చు విరిస్తే పుటుక్కుమనాలి, వంగకూడదు. గాజు సీసాలో పోసి రెండు రోజులు చూడండి. పెచ్చులు అతుక్కున్నా, గోడకు చెమ్మ పట్టినా మళ్లీ ఆరబెట్టాల్సిందే. జులైలో మన బెంగళూరు ఎండను నమ్ముకోకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రెడీ టు ఈట్ ప్యాకెట్ ఎండు భోజనం కాదు, అందులో నీళ్ల బరువు మోస్తారు. ఎండబెడితే పోషకాలన్నీ పోతాయన్నది నిజం కాదు. విటమిన్ సి బాగా తగ్గుతుంది గానీ ప్రొటీన్, ఖనిజాలు చాలావరకు నిలుస్తాయి. పొయ్యికి వాడే చిన్న గ్యాస్ డబ్బా (క్యానిస్టర్) విమానంలో ఎక్కించనివ్వరు, అక్కడే కొనుక్కోండి.

తమ్ముడి లిస్టు ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. మనిషికి నాలుగున్నర కిలోలు తేలింది. సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేసింది. "ఆకలికి ఆగలేడమ్మా వాడు" అంటుంటే గొంతు వణికింది. ఆవిడ భయంలో తప్పేముంది? సున్నుండలు చెయ్యమన్నాను, నెయ్యి ధారాళంగా పోసి. ఆదివారం డబ్బా పంపింది. రోజుకు రెండు చొప్పున 14, ఒక్కోటి తూచి చూస్తే 40 గ్రాములు.