బరాత్‌: వెలివేసే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

దావూదీ బోహ్రాలు షియా ముస్లింలలో ఒక శాఖ. మనిషిని సమాజం నుంచి వెలివేసే అధికారం వాళ్ల మతాధిపతికి ఉందా అన్న ‘బరాత్‌’ కేసు మళ్లీ చర్చకు వచ్చింది. ఇది పెళ్లి ఊరేగింపు బరాత్‌ కాదు. తెగతెంపులు చేసుకోవడం అనే అర్థమున్న అరబ్బీ మాట ‘బరాఅత్‌’ నుంచి వచ్చింది. ఖురాన్‌ తొమ్మిదో అధ్యాయం ఈ మాటతోనే మొదలవుతుంది. కోర్టులో నిర్దోషిగా బయటపడటాన్ని ఉర్దూలో ‘బరీ’ అంటారే, అదీ ఈ ధాతువుదే. మన ‘వెలి’ మనిషిని ఎక్కడికి నెట్టారో చెబుతుంది, బయటికి అని. బరాత్‌ మాత్రం నెట్టినవాళ్లకు ఇక ఏ సంబంధమూ లేదని చెబుతుంది. ఆ తేడా చిన్నది కాదు.

బోహ్రాలు యెమెన్‌ నుంచి గుజరాత్‌ దాకా ఎలా వ్యాపించారన్నది చాలామంది రాసిందే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 1962 జనవరి 9 దగ్గర ఆగాలి.

అంతకుముందు 1949లో బొంబాయి రాష్ట్రం వెలిని నిషేధిస్తూ చట్టం చేసింది. వెలి చెల్లదు, వేసినవాళ్లకు వెయ్యి రూపాయల దాకా జరిమానా. ఎం.సి.చాగ్లా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు బొంబాయి హైకోర్టు దాన్ని సమర్థించింది. బోహ్రాల 51వ దాయీ, అంటే మతాధిపతి, సయ్యద్‌నా తాహెర్‌ సైఫుద్దీన్‌ సుప్రీంకోర్టుకు వెళ్లారు. మత క్రమశిక్షణ కాపాడే అధికారం లేకపోతే మతమే నిలవదన్నది ఆయన వాదన. మత వ్యవహారాలను తామే నడుపుకునే హక్కునిచ్చే రాజ్యాంగం 26వ అధికరణం కింద నలుగురు న్యాయమూర్తులు ఆ వాదనకే మొగ్గారు. చట్టం చెల్లకుండా పోయింది.

ఒప్పుకోని ఐదో మనిషి సాక్షాత్తూ ప్రధాన న్యాయమూర్తి బి.పి.సిన్హా. వెలి పడిన మనిషి తన వాళ్ల మధ్యే దాదాపు అంటరానివాడవుతాడని, అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం స్ఫూర్తితోనే ఈ చట్టం వచ్చిందని ఆయన రాశారు. నా దృష్టిలో మొత్తం వివాదం ఆ అసమ్మతి తీర్పులోనే ఉంది. ఎందుకంటే వెలి మసీదు గుమ్మం దగ్గర ఆగదు. సొంత అన్నదమ్ములు గడప తొక్కరు. పెళ్లి పిలుపులు రావు. చనిపోతే సమాజం కబ్రస్తాన్‌లో చోటు ఇవ్వరు. ఇందులో మతం ఎంత, మనిషి బతుకు ఎంత?

జయప్రకాశ్‌ నారాయణ్‌ నెలకొల్పిన సిటిజన్స్‌ ఫర్‌ డెమోక్రసీ 1977లో నత్వానీ కమిషన్‌ను వేసింది. దాయీ పెత్తనాన్ని ప్రశ్నించిన బోహ్రా సంస్కరణవాదుల మీద వేధింపులు నిజమేనని 1979లో ఆ కమిషన్‌ తేల్చింది. అస్గర్‌ అలీ ఇంజినీర్‌ లాంటివాళ్లు ఈ పోరాటంలోనే జీవితం గడిపారు. 1962 తీర్పును తిరగదోడమంటూ బోహ్రా సంస్కరణవాదుల సెంట్రల్‌ బోర్డు 1986లో పిటిషన్‌ వేసింది.

మధ్యలో మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ నిరోధక చట్టం తెచ్చి, కాగితం మీద మిగిలిన పాత 1949 చట్టాన్ని రద్దు చేసింది. శిక్ష మూడేళ్ల దాకా జైలు. పాత చట్టమే లేనప్పుడు ఇక పిటిషన్‌ ఎందుకని దాయీ తరఫు వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2023 ఫిబ్రవరి 10న ఐదుగురి ధర్మాసనం ఈ ప్రశ్నను మత స్వేచ్ఛ హద్దుల గురించి తొమ్మిది మంది న్యాయమూర్తుల ముందున్న శబరిమల ప్రశ్నలతో కలిపింది.

దాయీ పక్షం చూపించే ఆ కొత్త చట్టం మహారాష్ట్ర దాటి పోదు. 1970ల్లో సంస్కరణ ఉద్యమం గట్టిగా లేచింది రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌లో. అక్కడ బరాత్‌కు గురైన కుటుంబానికి ఆ చట్టం వర్తించదు.